కుషన్ మేస్త్రికీ వైర్‌మన్‌కీ మధ్య పాత కారు



ఇంట్లో ఏళ్ల తరబడి కదలకుండా పడివున్న కారును మళ్లీ రోడ్డెక్కించాలని బుద్ధి పుట్టినవాళ్లు ముందుగా వెళ్లేది సీట్లు కుట్టే కొట్టుకి. రెగ్జిన్ ముక్కల క్యాటలాగు ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ రంగు తేల్చుకుంటారు. ఇంజను సంగతి మెకానిక్కు చూసుకుంటాడు, లైట్ల సంగతి వైర్‌మన్ చూసుకుంటాడు, లోపలి సోకు ఒక్కటే మనం చూసుకోవాల్సింది అనుకుంటారు. వ్యవహారం అక్కడే అడ్డం తిరుగుతుంది. లోపలి సోకు ఒక పని, కరెంటు వేరే పని అనుకుని చేయించడం వల్ల పాడైనన్ని బండ్లు వయసు మీదపడి పాడవలేదని నా గట్టి నమ్మకం. ఆ రెండూ ఒకటే పని. ఈ పూట నేను చెప్పబోయేది అదే.

బండిలో తీగలు ఎటు నుంచి ఎటు నడుస్తాయో చూడండి. బ్యాటరీ దగ్గర బయల్దేరిన కట్ట ఇంజనుకీ మనకీ అడ్డంగా ఉన్న రేకు గోడలోంచి దూరి డాష్‌బోర్డు వెనక్కి వస్తుంది. అక్కడ మీటర్లకూ స్విచ్చులకూ చీలిపోయి, మిగిలిన పాయ మామూలుగా తలుపు గడప వెంట కార్పెట్ కిందుగా వెనక లైట్ల దాకా పోతుంది. ఇంకొకటి పక్క స్తంభం ఎక్కి టాప్ లైనింగ్ లోపలి నుంచి లోదీపానికి వెళుతుంది. అంటే కుషన్ మేస్త్రి చెయ్యి పెట్టే ప్రతి చోటా తీగ ఉంది. వైర్‌మన్ వేలు పెట్టే ప్రతి చోటా కార్పెట్టో, లైనింగో, డోర్ ప్యాడో ఉంది. వీళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఈయన ముచ్చటగా లైనింగ్ బిగించి వెళ్లిన మర్నాడు ఆయన వచ్చి, దాన్ని ఒక మూల చించి తీగ లాగుతాడు. ఆయన పొందిగ్గా సర్దిన కట్టలోకి ఈయన గడప పట్టీ స్క్రూ దిగ్గొడతాడు. ఆ స్క్రూ ఆరోజు ఏమీ చేయదు. బండి అదిరి అదిరి, తీగ తోలు అరిగి, ఏ రాత్రివేళో ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు తిట్లు తినేది వైర్‌మన్.

మాట తేలిగ్గా పట్టుబడడానికి అంబాసిడర్‌ను ముందు పెట్టుకుంటాను. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టి, కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారి చేతిలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారైన బండి. మన జిల్లాల్లో కలెక్టరుగారూ, కాంట్రాక్టరూ, పెళ్లికొడుకూ అందరూ ఎక్కింది అదే. బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకీ, 1983 డిసెంబరులో మొదటి తాళంచెవి చేతులు మారిన మారుతి 800 ఉన్నవాళ్లకీ ఈ మాటల్లో చాలా మట్టుకు పనికొస్తాయి. అంబాసిడర్‌కు ఒక సుఖం ఏమిటంటే సామాను ఇంకా దొరుకుతోంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాదు రాణిగంజ్‌లోనో లేకపోతే మద్రాసు పుదుపేటలో, అక్కడా లేకపోతే కలకత్తా మల్లిక్ బజారులో ఎవరో ఒకరు అటకెక్కి దించి ఇస్తారు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? నీళ్ల దగ్గర.

ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండకు గట్టిపడి, మూలల్లో పగిలి ఉంటుంది. వానలో అక్కణ్ణుంచి దిగిన నీరు డాష్‌బోర్డు వెనకాల జారి, తీగలు తడిపి, కాళ్ల కిందికి చేరుతుంది. కార్పెట్ కింద ఒక ఫెల్టు గుడ్డ ఉంటుంది. అది ఆ నీళ్లను తాగి నెలల తరబడి విడిచిపెట్టదు. పైన కార్పెట్ పొడిగా కనిపిస్తూనే కింద రేకు తుప్పు తినేస్తూ ఉంటుంది. అంబాసిడర్ ఫ్లోర్ కింద నుంచి రాళ్లు తగిలి పోయిందని చాలామంది అనుకుంటారు. చాలా బండ్లలో అది పైనుంచే పోయింది.

తలుపుల కథ వేరు. తలుపు లోపలికి నీళ్లు రావడం తప్పు కాదు. అద్దం పక్కనుంచి ఎలాగూ దిగుతాయి, అందుకే తలుపు అడుగున చిల్లులు పెట్టారు. దుమ్మూ మట్టీ చేరి అవి మూసుకుపోతేనే తలుపు అడుగు కుళ్లుతుంది. డోర్ ప్యాడ్‌కూ రేకుకూ మధ్య ఒక పాలిథిన్ కాగితం అంటించి ఉంటుంది. గ్లాసు హ్యాండిల్ బాగుచేయడానికి ఎప్పుడో ఎవరో దాన్ని పీకి పారేసి ఉంటారు. కొత్తది వేయాలని ఎవరికీ తోచదు. అట్టతో చేసిన ప్యాడ్ చెమ్మ పీల్చి వంకర తిరుగుతుంది, క్లిప్పులు ఊడొస్తాయి. యజమాని ఆ అట్టకు కొత్త రెగ్జిన్ కుట్టించుకుంటాడు. రెండు వానలకు అది మళ్లీ ఉబ్బుతుంది. పది రూపాయల పాలిథిన్‌తో పోయేదానికి ప్యాడ్ల మీద ప్యాడ్లు మారుస్తాం.

నీళ్లు ఎక్కడ కారుతున్నాయో పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. కార్పెట్, ఫెల్టు అన్నీ తీసేసి, టార్చి పట్టుకుని మీరు లోపల కూర్చోండి. బయట ఇంకొకరు రబ్బరు గొట్టంతో సన్నటి ధార పట్టాలి. ధార కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పైనుంచి మొదలుపెడితే అంతా తడిసి ఏది ఎక్కడి నీరో తెలియదు. ముందు తలుపు అడుగు, తరవాత అద్దం అంచు, తరవాత బీడింగ్ కింది మూలలు, చివర్న పైకప్పు వాన గాడి. ఈ పని చేసేటప్పుడు తొందరపడితే ఫలితం ఉండదు. ఒక్కొక్క చోటా కాసేపు ఆగి చూడాలి.

నీళ్లు ఆగాక రేకు పని. స్క్రూడ్రైవర్ మొనతో ఫ్లోర్‌ను పొడుచుకుంటూ పోతే మెత్తగా దిగే చోట్లు బయటపడతాయి. అక్కడ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలే గాని లప్పం పెట్టి, పైన తారు షీటు అంటించి మమ అనిపించకూడదు. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగలు రెండూ విప్పాలి. ఎంపీఎఫ్‌ఐ ఇంజను ఉన్న తరవాతి కాలపు బండ్లయితే ఇంజనుకు పెట్రోలు కొలిచి పంపే ఈసీయూ అనే కంప్యూటరు డబ్బా కప్లర్ కూడా ఊడదీసి పెట్టుకోవడం మేలు. గడప వెంట పోయే తీగల కట్టను పక్కకు లాగి తడిగుడ్డ కప్పాలి. టింకరింగ్ షెడ్డులో నిప్పురవ్వ పడి కరిగిన తీగను తరవాత వెతికి పట్టుకోవాలంటే దేవుడు దిగిరావాలి.

ఇప్పుడు వైరింగ్. మేలురకం మనుషులు కూడా తడబడేది ఇక్కడే, ఎందుకంటే నలభై ఏళ్ల దుమ్ములో తీగలన్నీ ఒకే మట్టిరంగులో కనిపిస్తాయి. టేపు కొంచెం విప్పి తడిగుడ్డతో తుడవండి. పుట్టినప్పటి రంగులు బయటికొస్తాయి. వెనకటి బ్రిటిష్ పద్ధతిలో ఆ రంగులకు ఒక వరస ఉంది. గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తాళం తిప్పినా తిప్పకపోయినా అందులో కరెంటు ఉంటుంది. తెల్లది తాళం తిప్పాకే ప్రాణం పోసుకుంటుంది. అదే కరెంటు ఫ్యూజు దాటి వస్తే ఆకుపచ్చ. ఎడమ ఇండికేటరు పచ్చ మీద ఎర్ర చార, కుడిది పచ్చ మీద తెల్ల చార. హెడ్‌లైట్లు నీలం, పార్కింగ్ లైట్లు ఎరుపు, హారను ఊదా, ఎర్త్ నలుపు. ఈ వరస నోటికొస్తే సగం పని అయినట్టే. బండి చేతులు మారుతూ వచ్చేకొద్దీ మధ్యలో ఎవరి చేతికి దొరికిన రంగు వాళ్లు అతికి ఉంటారు, ఆ అతుకులే మన శత్రువులు.

మొత్తం కొత్త వైరింగ్ కిట్ వేయాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా అని అడుగుతారు. నాలుగైదు చోట్ల తీగను మెల్లిగా వంచి చూడండి. పై తోలు పగుళ్లిచ్చి రాలిపోతుంటే బేరాలు వద్దు, కిట్ మార్చండి. వంగి మళ్లీ తిన్నగా అయితే తీగ మంచిదే, చివర్లు మాత్రమే చెడ్డాయి. రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు మాత్రం ఉంచొద్దు. మన ఎండలకు టేపు జిగురు కారి, చుట్టు వదులై, రాగి బయటపడుతుంది. థింబుల్ పెట్టి నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేస్తే బండి జీవితకాలం ఉంటుంది. సోల్డరింగే గొప్పదని వాదించేవాళ్లున్నారు. రేడియో లోపల గొప్పదే. అదిరే బండిలో సోల్డరు ఆగిన చోట తీగ విరుగుతుంది, ఊతం ఇచ్చి కడితే తప్ప.

ఎలుకల సంగతి చెప్పకపోతే మన ఊళ్లవాళ్లు నన్ను ఒప్పుకోరు. నిలబడిన కారుకు ఎలుకే మొదటి యజమాని. బానెట్ కింద పొగాకు కాడలు కట్టి ఉంచే అలవాటు మన దగ్గర చాలాచోట్ల ఉంది. వాసన ఉన్నన్నాళ్లు కొంత పని చేస్తుందంటారు. రేకు గోడలో తీగ దూరే చిల్లుకు రబ్బరు గ్రొమెట్ లేకపోతే మాత్రం ఏ పొగాకూ ఆపలేదు. ఆ రబ్బరు ఉంటే రేకు అంచు తీగను కోయకుండా కూడా కాపాడుతుంది.

తరవాత ఎర్త్. పాత కారులో విచిత్రాలన్నీ ఎర్త్ పుణ్యమే. బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతోందని ఒకాయన గాభరా పడుతుంటాడు. వెనక లైటు డబ్బాకు బాడీతో సంబంధం తెగిపోయింది, కరెంటు తిరిగి వెళ్లే దారి లేక పక్క బల్బులోంచి దొంగదారి వెతుక్కుంటోంది, అంతే. బండికి కొత్తగా రంగు వేయించిన తరవాతే ఈ జబ్బు ఎక్కువ. స్క్రూ కింద కూడా రంగు పడుతుంది కదా. స్క్రూ విప్పి, రేకు మెరిసేదాకా ఉప్పు కాగితం రుద్ది, కొంచెం గ్రీజు రాసి బిగించండి.

ఇక హెడ్‌లైట్లు. అంబాసిడర్ లైట్లు గుడ్డి దీపాలని పేరు. అది బల్బు తప్పు కాదు. లెక్క చూద్దాం. హాలోజన్ బల్బులో పెద్ద తీగ 60 వాట్లు. రెండు వెలిగితే 120. 12 ఓల్టుల మీద 10 ఆంపియర్లు. పాత పద్ధతిలో ఈ పది ఆంపియర్లూ బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చుకు వచ్చి, అక్కణ్ణుంచి ఎడమకాలి కింద ఉండే డిప్పర్ స్విచ్చుకు దిగి, మళ్లీ ముందుకు పోయి బల్బుకు చేరాలి. దారిలో అన్ని అతుకులూ, అరిగిన స్విచ్చు ముక్కలూ కలిపి ఒక ఓమ్‌లో ఐదో వంతు అడ్డు పెడితే చాలు, 2 ఓల్టులు దారిలోనే ఆవిరి. కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఏం మిగులుతుందో బల్బుకూ అదే మిగులుతుంది. ఓల్టేజీ తగ్గినంత నెమ్మదిగా వెలుగు తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. 12 రావాల్సిన చోట 10 వస్తే వెలుగు దాదాపు సగమే.

దీన్ని కళ్లారా చూడొచ్చు. లైట్లు వెలిగించి, మల్టీమీటర్ ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ముల్లు బల్బు వెనకాల కరెంటు వచ్చే కాలి మీద పెట్టండి. మీటరు ఎంత చూపిస్తే అన్ని ఓల్టులు దారిలో పోతున్నట్టు. అరకంటే తక్కువుంటే సంతోషం. ఒకటిన్నర, రెండు ఉంటే వైద్యం రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. బ్యాటరీ దగ్గర నుంచి ఫ్యూజు పెట్టి, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ రిలే ద్వారా నేరుగా బల్బులకు లాగాలి. పాత స్విచ్చు ఇక రిలేను కదిలించడానికి మాత్రమే. కాలి కింది డిప్పరుకు బరువు తగ్గి, అది కూడా ఎక్కువ కాలం బతుకుతుంది. ఇది చేయకుండా 100 వాట్ల బల్బు వేసుకుంటే హోల్డరు కరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బు తగిలిస్తే, హాలోజన్ తీగకు కొలిచి చేసిన ఆ అద్దంలోంచి వెలుగు అడ్డదిడ్డంగా పోయి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మన హైవేల మీద ఆ పాపం ఇప్పటికే చాలామంది మోస్తున్నారు.

ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేసినవాళ్లు ఇంకో చిక్కులో పడతారు. పాత ఫ్లాషర్‌లో లోహపు పట్టీ ఒకటి కరెంటుకు వేడెక్కి వంగుతుంది, చల్లారి వెనక్కొస్తుంది. ఆ టక్ టక్ చప్పుడు దానిదే. ఎల్‌ఈడీ తాగే కొద్ది కరెంటుకు అది వేడెక్కదు. ఫ్లాషర్ కూడా ఎలక్ట్రానిక్‌ది మార్చాలి. నేనైతే ఆ టక్ టక్ కోసమైనా పాత బల్బులే ఉంచుకుంటాను.

బ్యాటరీని ఛార్జి చేసే డైనమోను తీసేసి ఆల్టర్నేటర్ వేయాలా అన్నది పాత బండ్ల భక్తుల మధ్య పెద్ద తగాదా. లూకాస్ డైనమో మంచి స్థితిలో ఉన్నప్పుడు ఇచ్చేది 22 ఆంపియర్లు, అదీ ఇంజను బాగా తిరిగినప్పుడు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు దాదాపు సున్నా. 1970లలో విజయవాడ బందరు రోడ్డు మీద అది చాలింది. ఇవాళ బెంజి సర్కిల్లో రాత్రి ఎనిమిదింటికి, హెడ్‌లైట్లు, వైపర్లు వేసుకుని ఆగి చూడండి. నిజంగా తిరగడానికి ఉంచుకున్న బండి అయితే ఆల్టర్నేటర్ వేయండి, విప్పిన డైనమోనూ దాని ఛార్జింగును అదుపు చేసే కటౌట్ డబ్బానూ గుడ్డలో చుట్టి దాచండి. ప్రదర్శనకు పెట్టే బండి అయితే వేయొద్దు. ఈ రెండింటికీ మధ్య నాకు మూడో అభిప్రాయం లేదు. ఒక్క హెచ్చరిక. 1960ల నడిమి దాకా వచ్చిన బ్రిటిష్ తరహా బండ్లు చాలావాటిలో బాడీకి కలిపింది బ్యాటరీ ప్లస్. అది చూడకుండా ఆల్టర్నేటరో కొత్త రేడియోనో తగిలిస్తే క్షణంలో పొగ.

మీటర్ల జబ్బు పట్టడానికి ఒక చిట్కా. పెట్రోలు ముల్లూ, వేడి ముల్లూ రెండూ ఒకేసారి తప్పు చెబుతుంటే మీటర్లను విప్పొద్దు. చాలా పాత బండ్లలో ఆ రెండింటికీ కలిపి వెనకాల గుప్పెట్లో పట్టే చిన్న స్టెబిలైజర్ ఉంటుంది, బ్యాటరీ ఎంతిచ్చినా సగటున 10 ఓల్టులే పంపేది. దాని ఎర్త్ పోతే పూర్తి ఓల్టేజీ మీటర్లకు పోయి, రెండు ముళ్లూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఒక్క ముల్లే తప్పు చెబితే ట్యాంకులోని తేలే బొడిపెను అనుమానించాలి. స్పీడోమీటరు ముల్లు గజగజ వణికితే కేబుల్ ఎండిపోయింది. దాని లోపల కేబుల్ ముల్లును నేరుగా తిప్పదు. తిరిగే అయస్కాంతం పక్కనున్న అల్యూమినియం గిన్నెను తాకకుండానే లాగుతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ గిన్నెలో చుక్క నూనె పడినా ముల్లు మొరాయిస్తుంది, అందుకే గ్రీజు కేబుల్‌కు మాత్రమే, అదీ పై కొస వదిలేసి రాయాలి.

వైరింగ్ అంతా అయ్యాక, ఇంకా సీట్లు పెట్టకముందే, ఒక రాత్రి బ్యాటరీకీ తీగకూ మధ్య మీటరు పెట్టి చూడాలి. అన్నీ ఆపేసినా అర ఆంపియరు పోతోందంటే రోజుకు 12 ఆంపియర్-గంటలు. ఐదు రోజుల్లో 60 ఆంపియర్-గంటల బ్యాటరీ చచ్చి ఊరుకుంటుంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోతే దొంగ దొరుకుతాడు. పాత వైరింగ్‌లో ఫ్యూజులు రెండే, హెడ్‌లైట్లకైతే అసలు లేవు. నాలుగు ఫ్యూజులు అదనంగా పెట్టించడం చరిత్రకు చేసే ద్రోహం అనేవాళ్ల మాట నేను వినను.

ఇప్పుడు కుషన్ మేస్త్రిని పిలవొచ్చు. ముందు టాప్ లైనింగ్, తరవాత కార్పెట్, చివర్న సీట్లు. టాప్ మార్చాలంటే ముందువెనక అద్దాలు దించాలి, ఎందుకంటే లైనింగ్ అంచులు బీడింగ్ కిందికి పోతాయి. అద్దం దించకుండా అంచు వరకే కోసి అంటించే పని చవక, ఆరు నెలల్లో ఊడుతుంది. ఎలాగూ బీడింగ్ మారుస్తున్నాం కాబట్టి రెండూ ఒకసారే. అద్దం దిగి ఉన్నప్పుడే లోదీపం తీగ కొత్తది లాగాలి. ఇదిగో, ఇద్దరు మేస్త్రులూ ఒకే రోజు షెడ్డులో ఉండాల్సిన రోజు ఇది. గుడ్డలోంచి అడ్డంగా పోయే ఇనప చువ్వలను విప్పేటప్పుడే వరస నంబర్లు వేసుకోవాలి, అన్నీ ఒకే పొడవు కావు. బిగించాక మిగిలిన చిన్న ముడతలకు మన దగ్గర ఒక గొప్ప యంత్రం ఉచితంగా ఉంది. అద్దాలన్నీ మూసి మే నెల ఎండలో బండి నిలబెట్టండి. సాయంత్రానికి గుడ్డ బిగుస్తుంది.

సీటు విప్పడం నాకు చాలా ఇష్టమైన ఘట్టం. పైన టర్కీ టవలు, దాని కింద పెళ్లికి వేయించిన పూల కవరు, దాని కింద ఒక నీలం రెగ్జిన్, దాని కింద కంపెనీ రెగ్జిన్. ఎవరూ పాతది తీసి కొత్తది వేయలేదు, ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటూ పోయారు. మూలల్లో పల్లీ పొట్టు, జడ పిన్నులు, అంచులు వంకీలు తిరిగిన పది పైసల అల్యూమినియం బిళ్ల. అడుగున కంపెనీ వాళ్లు కట్టిన స్ప్రింగులు, వాటి మీద గోనెపట్టా, దాని మీద పీచు పరుపు. కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి నొక్కి చేసేది ఆ పరుపు.

మేస్త్రి వెంటనే అంటాడు: "ఈ చెత్తంతా తీసేసి నలభై డెన్సిటీ స్పాంజి దిమ్మ పెట్టేస్తా సార్, సోఫాలా ఉంటుంది." ఒప్పుకోకండి. స్ప్రింగులు విరగనంత కాలం వాటిని మించినవి లేవు. గాలి ఆడుతుంది, వేసవిలో వీపు తడవదు. స్పాంజి దిమ్మ మీద కూర్చుంటే డ్రైవరు రెండంగుళాలు పైకి లేచి స్టీరింగ్ తొడలకు తగులుతుంది. స్ప్రింగులకు తుప్పు గీకి రంగు కొట్టి, కొత్త గోనెపట్టా, కొత్త పీచు పరుపు, ఆపైన పలచటి స్పాంజి. గోనె, పీచు లేకుండా స్పాంజి నేరుగా స్ప్రింగు మీద పడితే కొన్నాళ్లకే తూట్లు పడుతుంది. ముందు బెంచీ సీటును చీల్చి రెండు బకెట్ సీట్లు చేయించేవాళ్లూ ఉన్నారు. గేరు స్టీరింగ్ పక్కనే పెట్టి ముందర ముగ్గురు కూర్చునేలా కట్టిన బండి అది. దాన్ని చీల్చాక అది అంబాసిడర్ ముఖం పెట్టుకున్న ఇంకేదో బండి. సీటు బెల్టులు మాత్రం తప్పకుండా పెట్టించండి, బాడీ బలంగా ఉన్న చోట వెనకాల దళసరి పట్టీ వేసి.

రెగ్జిన్ ఎందుకు పగులుతుందో కూడా ఒక మాట. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఎండకు మెల్లగా ఆవిరవుతుంది. ఎండలో నిలిపిన కారు అద్దానికి లోపలివైపు పట్టే జిడ్డు పొరలో అదీ ఉంటుంది. డాష్‌బోర్డుకు తళతళలాడే పాలిష్ రాస్తే పోయింది తిరిగి రాదు, పైగా ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిఫలించి రోడ్డు కనిపించదు. తడిగుడ్డ, నీడ, అంతకు మించి మందు లేదు.

రేడియోలో మాట్లాడుతూ కారు రేడియోను వదిలేస్తే బాగుండదు. డాష్‌బోర్డులో చిన్న రెండు గుండీల రేడియో ఉంటే అది దొరికినవాడి అదృష్టం. కొత్త స్టీరియోకు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు గాడి కావాలి. టచ్ తెరకైతే ఎత్తు 100. దానికోసం పాత డాష్‌బోర్డును గ్రైండరుతో కోయకండి. ఒకసారి కోసింది మళ్లీ దొరకదు. పాట కావాలంటే సీటు కింద చిన్న ఆంప్లిఫయరు దాచుకుని ఫోనుతో వినొచ్చు. పాత రేడియోను పాత రేడియోగానే బాగుచేయించండి. గుర్ గుర్ మని మోత వస్తుంటే లోపలి పెద్ద కెపాసిటర్లు ఎండిపోయాయి. స్పీకరు కాగితం ఎలుక తిని ఉంటుంది, మార్చుకోవాలి. ఏరియల్ గూడు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. మీటరు కుడి కొసకు దగ్గరగా, 1400 ప్రాంతంలో ఏదైనా సన్నని స్టేషను పట్టి, శబ్దం పెరిగేదాకా ఆ స్క్రూను తిప్పాలి. ఆ తరవాత విజయవాడ 837 కిలోహెర్ట్‌జ్, హైదరాబాదు 738 వెతకండి.

ఇంజను ఆపితే శుభ్రంగా వినిపించి, ఇంజను నడిస్తే గోల చేస్తోందనుకోండి. యాక్సిలరేటరుతో పాటు పెరిగే చిటపటలైతే ప్లగ్గు తీగలు, రెసిస్టెన్స్ ఉన్నవి వేయాలి. సన్నటి ఈల లాంటిదైతే డైనమో, దాని పెద్ద టెర్మినల్‌కు కండెన్సర్ కట్టాలి, చిన్న టెర్మినల్ జోలికి పోకూడదు. గతుకులో మాత్రమే కరకరమంటే ఏరియల్ ఎర్త్.

కాగితాల సంగతి త్వరగా. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, ఫిట్‌నెస్ చూపించాలి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్నదాన్ని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేసుకుంటే నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కానీ దాన్ని రోజువారీ తిప్పుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఆ ముద్ర కావాలో, పిల్లల్ని ఎక్కించుకుని తిరగడం కావాలో ముందే తేల్చుకోండి.

పని ముగిసే రోజున ఇంకొకటి చేయించండి. ఒక తెల్ల కాగితం మీద బండి గీసి, కట్ట ఏ గడప వెంట పోయిందో, రిలే ఎక్కడ పెట్టారో, అదనపు ఫ్యూజుల్లో ఏది దేనిదో, మార్చిన తీగల రంగులేమిటో వైర్‌మన్ చేత రాయించండి. కుషన్ మేస్త్రి చేత అదే కాగితం మీద స్క్రూలు కొట్టిన చోట్లు చుక్కలు పెట్టించండి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి రాసేటప్పుడు ఏ చుక్కయినా గీత మీద పడితే, సీట్లు బిగించకముందే ఆ స్క్రూ విప్పించండి. కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టి డాష్‌బోర్డు అరలో ఉంచండి.